పచ్చి ఫోటో

రెండువేల పధ్నాలుగో సంవత్సరం నవంబరు పదకొండవ తేదీ, మంగళవారం. ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. తెల్లవారుజామున మొదలైన సన్నజల్లు ఇంకా తెరిపి ఇవ్వలేదు. ఆసుపత్రి మూడో అంతస్తులో కంటి డాక్టరమ్మ గది కిటికీ అద్దం మీద నీటిచుక్కలు ఒకదానినొకటి తరుముకుంటూ జారుతున్నాయి. గడ్డం ఆనించే పరికరం ముందు, ఎత్తు స్టూలు మీద, యాభై ఏడేళ్ల బస్సు డ్రైవరు కూర్చుని ఉన్నాడు. ఆయన వెనుక, తడిసిన గొడుగును బట్టలకు తగలకుండా ఎడంగా పట్టుకుని, ఆయన భార్య నిలబడి ఉన్నది.

"చెప్పండి పెద్దాయనా," అన్నది డాక్టరమ్మ. "కళ్ల కింద సంచులు తీసేయాలని చీటీలో రాశారు. ఏం, ఈ వయసులో హీరో వేషం ఏమైనా వచ్చిందా?"

"వేషం రాలేదమ్మా, స్టీరింగు పోయింది," అన్నాడు డ్రైవరు. "ఈ మూటలు చూసి నేను నిద్రపోతూ బండి నడుపుతున్నానని ఎవడో రాసిచ్చాడు. సెప్టెంబరు నుంచి డిపోలో బెంచీ మీద కూర్చోబెట్టారు. కంటి డాక్టరు కాగితం తెస్తే తప్ప బండి ఎక్కనివ్వరట. మా కండక్టరైతే, 'బాబాయ్, ఆ కళ్ల కింద లగేజీకి టిక్కెట్టు కొట్టమంటావా' అంటాడు."

భార్య నవ్వలేదు. ఒక అడుగు ముందుకు వేసి, తన వృత్తిలో తనకు తిరుగులేదన్న ధీమాతో చెప్పసాగింది.

"వయసు వల్ల వచ్చినవే డాక్టరుగారూ. కంటి కింద చర్మం మహా పల్చన కదండీ. దాని వెనక కొవ్వుని ఆపే తెర వదులైపోయి, కొవ్వు ముందుకి జారుతుంది. బుగ్గ దిగిపోయి మధ్యలో గుంట పడుతుంది. ఈయనకి కుడికన్ను కిటికీ వైపు. ముప్పై ఏళ్లు ఎండంతా అటే కొట్టింది. పైగా కళ్లు నలుపుకునే అలవాటు. సిగరెట్టు మానేసి రెండేళ్లయింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇంకా ముడతలు పడేవి."

"అబ్బో, నా కుర్చీలో మీరు కూర్చోండమ్మా! ఇంతకీ మీరేం పనిచేస్తారు?"

"ఫోటో స్టూడియోలో రీటచింగండీ. ముప్పై అయిదేళ్లయింది."

"ఇంట్లో ఏం వైద్యం చేశారు?"

"రాత్రిపూట విటమిన్-ఎ ఉన్న క్రీము రాశాను. పొద్దున్నే ఎండ తగలకుండా ఇంకో క్రీము. ఫ్రిజ్జులో పెట్టిన చెంచాలు, కీరదోస ముక్కలు..."

"ఆవిడ నా మొహానికి సున్నం వేసి, ముక్కలతో అలంకరించేదమ్మా," అన్నాడు డ్రైవరు. "డిపోలో నా దగ్గరికి వచ్చి ఉప్పూ కారం ఉన్నాయా అని అడిగేవాళ్లు."

"బ్యూటీ క్లినిక్కులో ఆ గుంటలోకి సూదిమందు ఎక్కించి నింపుతామన్నారండీ. అది కొన్నాళ్లకే కరిగిపోతుందని నేనే వద్దన్నాను. ఆపరేషనైతే ఒక్కసారితో పోతుందని..."

"ఆ సూది వేయించకపోవడమే మంచిదయింది," అన్నది డాక్టరమ్మ. ఆమె గొంతులో వేళాకోళం తగ్గింది. "వయసు సంచుల గురించి మీరు చెప్పినవన్నీ నిజాలే. క్రీములు సన్నముడతలకి కొంత పనికొస్తాయి, కొవ్వుని కదిలించలేవు. దానికి ఆపరేషనుంది, వారానికి రెండు నేనే చేస్తాను. కానీ ఈయనవి అవి కావనిపిస్తోంది. పెద్దాయనా, నా వేలు చూడండి. తల కదపకుండా, పైకి. ఇప్పుడు ఎన్ని వేళ్లు?"

డ్రైవరు మెల్లగా కుడికన్ను మూయబోయాడు.

"రెండు కనిపిస్తున్నాయి కదూ?"

"అప్పుడప్పుడమ్మా. ఒక కన్ను మూసుకుంటే సరిపోతుంది."

"బండి నడిపేటప్పుడు కూడా మూసుకునేవారా?"

ఆయన స్టూలు అంచు పట్టుకుని తల ఊపాడు. భార్య చేతిలోని గొడుగు జారి నేల మీద పడ్డది. నలభై మందిని ఎక్కించుకుని, ఒంటికన్నుతో ఎన్ని నెలలు ఊరంతా తిరిగాడో ఆమె ఊహకు అందలేదు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని నెమ్మదిగా వివరించింది. థైరాయిడ్ గ్రంథి అదుపు తప్పినప్పుడు కొందరిలో ఒంటిని కాపాడవలసిన శక్తే దారితప్పి, కంటి వెనుక కండరాల మీద దాడి చేస్తుంది. అవి ఉబ్బి, గుడ్డును ముందుకు తోస్తాయి. కింద సంచి కట్టినట్టు చేస్తాయి. చూసేవారికి అది వయసులాగానే కనిపిస్తుంది. ఆ దాడి రగులుతున్న కాలంలో నరంలోకి ఎక్కించే గట్టి మందు పనిచేస్తుంది. ఏడాదిన్నర దాటి చల్లబడిపోయిందంటే మందు వల్ల ప్రయోజనం ఉండదు.

"మీకు షుగరుంది కదా," అన్నది. "ఆ మందు షుగరుని ఎక్కడికో తీసుకుపోతుంది. లాభం లేనిచోట ఆ ప్రమాదం నేను నెత్తికెత్తుకోలేను. కాబట్టి నాకు తేలవలసింది ఒక్కటే. ఈ వాపు ఎప్పుడు మొదలైంది?"

"అయిదారేళ్ల నుంచీ ఉన్నదేనండీ," అన్నది భార్య.

"ఎక్కడే! మొన్నమొన్నటి నుంచే," అన్నాడు భర్త.

"ఇద్దరూ ఒకే ఇంట్లోనే ఉంటున్నారు కదా?" డాక్టరమ్మ నిట్టూర్చింది. "ఫోటోలు తీసుకురండి. రెండేళ్లుగా తీసినవి, ఎన్ని ఉంటే అన్ని. మొహం స్పష్టంగా ఉండాలి, ఏ మెరుగులూ దిద్దనివి కావాలి. ఇవాళ రక్తం, స్కాను ఇచ్చి వెళ్లండి. శుక్రవారం పదకొండింటికి ఫలితాలూ, ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. ఈలోగా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎరుపు రంగు వెలిసినట్టు కనిపించిందంటే, కంటి నరం నలిగిపోతున్నట్టు లెక్క. ఆ క్షణమే రావాలి."

భార్యకు ఆ చివరి మాటలు సరిగా చెవికెక్కలేదు. 'మెరుగులు దిద్దనివి' అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది.

ఆమెను వీధిలో అందరూ ఇస్త్రీ పిన్ని అనేవారు. ముడతలు పడ్డ మొహం ఏది తీసుకువెళ్లినా, ఇస్త్రీ చేసి మడత పెట్టి ఇస్తుందని ఆ పేరు. పంతొమ్మిదేళ్ల వయసులో, వేలెడు పొడవు మొనతో చెక్కిన పెన్సిలు చేతికిచ్చి, వెలుతురు బల్ల ముందు కూర్చోబెట్టి ఆమెకు ఆ విద్య నేర్పినవాడు స్టూడియో యజమాని. అందరూ ఆయనను మాష్టారనేవారు. నెగెటివు మీద ముడత ఉన్నచోట తేలికగా పెన్సిలు చుక్కలు పెడితే, అచ్చులో ఆ ముడత మాయమవుతుంది. చుక్క ఎక్కువైతే మొహం మైనపు బొమ్మవుతుంది. తక్కువైతే కొన్నవాడు పెదవి విరుస్తాడు. అందులోనూ కంటి కింద పని కత్తి మీద సాము. ఆ సాము ఆమెకు నడకలాగా అలవడింది.

మొహం చూడగానే ఆమెకు మనిషి బతుకు తెలిసిపోయేది. కళ్లజోడు లేకుండా మండుటెండలో తిరిగేవారి కంటి చివర గీతలు విసనకర్రలా విచ్చుకుంటాయి. ముక్కు దిబ్బడతో బాధపడుతూ కళ్లు నలుపుకునేవారికి కింద నల్లబడుతుంది. చర్మం పల్చబడ్డ వారికి లోపలి రక్తనాళాలు నీలంగా తొంగిచూస్తాయి. పొగ తాగేవారి చర్మం నలిగిన కాగితంలా ఉంటుంది. ఇవన్నీ చెరపడమే ఆమెకు కూడు పెట్టే విద్య.

ఆ స్టూడియోకు ఒక కట్టుబాటు ఉండేది. వెనకెప్పుడో ఎవరో పెద్దమనిషి భార్య ఫోటో, దిద్దక ముందుది, పొరపాటున వీధిలోకి కనిపించే అద్దాల అరలోకి ఎక్కింది. ఆమె వచ్చి అందరి ముందూ ఏడ్చింది. ఆనాటి నుంచి మాష్టారు, "మన దగ్గర పచ్చి ఫోటో నిలవ ఉండకూడదు" అని నియమం పెట్టారు. దిద్దనిదానిని వారు పచ్చి ఫోటో అనేవారు. పెన్సిలు రోజులలో నెగెటివు మీదనే పని కనుక పచ్చిది మిగిలేదే కాదు. కంప్యూటరు వచ్చాక కూడా దిద్దినదాన్ని పచ్చిదాని మీదనే భద్రపరచేవారు. ఒకటి ఉంటే రెండోది ఉండదు. ఆ మాట మీద నమ్మకంతోనే ఊళ్లో సగంమంది ఆ స్టూడియో మెట్లెక్కేవారు.

ఆమె ఆ నియమాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నది. కూతురు ఫోనులో తీసిన బొమ్మలతో సహా ఇంటి ఫోటో ఏదైనా ఆమె చేతి మీదుగా పోవలసిందే.

మంగళవారం మధ్యాహ్నం ఇంటికి వచ్చీ రాగానే ఆమె అలమరలోని ఆల్బములన్నీ మంచం మీద కుమ్మరించింది. ఏటా పెళ్లిరోజున మాష్టారు తీసే జంట ఫోటోలను వరుసగా పేర్చింది. రెండువేల పధ్నాలుగు, పదమూడు, పన్నెండు... ఎనిమిదేళ్ల ఫోటోలలో డ్రైవరు కళ్ల కింద ఒకే నున్నదనం, ఒకే కాంతి. చొక్కాలు మారాయి, జుట్టు నెరిసింది. ఆ రెండు కళ్ల కింద మాత్రం కాలం అడుగు పెట్టలేదు.

డ్రైవరు భార్య భుజం మీదుగా చూసి, "చూశావుటే, నాకు వయసే రాలేదు," అన్నాడు. "డాక్టరమ్మ కళ్లకే ఏదో జబ్బు."

ఆమెకు గుర్తు వచ్చినది వేరు. రెండువేల ఆరులో తీసిన ఫోటోలో ఆయన కంటి కింద భాగం ఎంతో ముద్దుగా కుదిరింది. మరుసటి ఏడు పని ఒత్తిడిలో, ఆ ముక్కనే కత్తిరించి కొత్త ఫోటోలో అతికించింది. బాగుందనిపించింది. ఆ పై ఏడూ అదే పని. అలా ఎనిమిదేళ్లు, ఆయన మొహం తెర మీద తెరుచుకోగానే, కింద ఏమున్నదో చూడకుండానే ఆ ముక్క తెచ్చి కప్పేసింది. సంచులు అయిదారేళ్లుగా ఉన్నాయని డాక్టరమ్మతో చెప్పినదీ అందుకే. తాను కప్పుతున్నది కనుక కింద ఏదో ఉండే ఉంటుందని నమ్మింది.

కూతురికి ఫోను చేసింది.

"నాన్నవి ఫోటోలున్నాయామ్మా నీ దగ్గర? వేసవిలో వచ్చినప్పుడు తీశావుగా. నాకు పంపకముందువి."

"నువ్వు బాగుచేసి పంపావుగా అమ్మా, అవే ఉన్నాయి. ఫోను నిండిపోయిందని ముందువి తీసేశాను. ఏమయిందే? ఎందుకలా మాట్లాడుతున్నావు?"

"ఏం లేదు. నాన్న కంటికి చిన్న పరీక్ష," అని పెట్టేసింది.

డ్రైవరు లైసెన్సు మీద ఉన్న బొమ్మ ప్రభుత్వ కార్యాలయంలో తీసినది; దానికి ఆమె చేయి తగలలేదు. కాని అది బొటనవేలి గోరంత, పైగా అయిదేళ్లనాటిది. డిపో గుర్తింపు కార్డు మీద ఉన్నది ఈ స్టూడియోలోనే తీసినది. గుర్తింపు ఫోటోలను దిద్దకూడదని నిబంధన ఉన్నది. అయినా మొగుడు కదా అని కొంచెం దిద్దింది.

బుధవారం పొద్దున్నే స్టూడియో తెరవకముందే వెళ్లి షట్టరు ముందు నిలబడ్డది. మాష్టారు వచ్చి, విషయం విని, కంప్యూటరు దగ్గర కూర్చున్నారు. ఇద్దరూ కలిసి మధ్యాహ్నం దాకా వెతికారు. పాత డిస్కులు, చెత్తబుట్టలు, చెడిపోయిన కెమెరా కార్డులు, గోనెసంచిలో కట్టిపెట్టిన పాత డబ్బాలు అన్నీ చూశారు. ఎక్కడ చూసినా నున్నని మొహాలే. అపరిచితులు, బంధువులు, చనిపోయినవారు, అందరూ కంటి కింద ఒక్క గీత లేకుండా ఆమెను చూసి నవ్వుతున్నారు.

"ఒక్కటి కూడా మిగల్చలేదా మాష్టారూ మనం?"

"మిగల్చకుండా ఉండటమే కదమ్మాయ్ మన పేరు," అన్నారు మాష్టారు. ఎనభయ్యో ఏట ఉన్న ఆయన డబ్బాలను ఒక్కొక్కటిగా మళ్లీ గోనెసంచిలో సర్దుతున్నారు. "ఆ డాక్టరమ్మతో ఉన్నమాట చెప్పెయ్."

"చెప్తే ఆవిడ మందు ఇవ్వదు. ఎప్పుడు మొదలైందో తెలియకుండా ఇవ్వనంది. మందు పడకపోతే ఈయన కన్ను..."

ఇంటికి వచ్చి, ఆయన మొహం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. కిందటేడు ఈపాటికి ఎలా ఉన్నాడు? ఈ ఏడు మొదట్లో? కళ్లు మూసుకుంటే కనిపించేది ఆ అతికించిన ముక్కే. ముప్పై రెండేళ్లు కాపురం చేసిన మనిషి మొహం ఆమెకు గుర్తులేదు. అది తెలిసినప్పుడు గోడకు చేరగిలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. వంటింట్లో నీళ్లు తాగడానికి వచ్చిన డ్రైవరు గడప దగ్గరే ఆగిపోయాడు. ఏదో చెప్పబోయి, మానుకుని, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

గురువారం ఉదయానికి ఆమె బంధువుల ఇళ్లు కూడా అయిపోయాయి. ఆడపడుచు ఇంట్లో దొరికిన గుంపు ఫోటోలో డ్రైవరు మొహం పెసరగింజంత ఉన్నది. తోడికోడలు తన ఆల్బము ముందు పడేసి, "ఇవన్నీ నువ్వు చేసిపెట్టినవేగా పిన్నీ! నీ చెయ్యి పడితే నేనే నన్ను గుర్తుపట్టలేదు," అని నవ్వింది. పిన్ని అన్నది వీధి పేరు. ఆవిడ కూడా అలాగే పిలిచేది. ఆ మాట ముల్లులా గుచ్చుకున్నది.

వచ్చి వంటింటి గడప మీద కూలబడ్డది. డ్రైవరు వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు వేలితో గచ్చు గీకాడు.

"ఒసేయ్. ఒక ఫోటో ఉంది."

ఆమె తల ఎత్తింది.

"పచ్చిదే. డిపోలో ఉంది. మార్చిలో ఒకడు నా మీద కాగితం పెట్టాడు. బస్సు స్టాపులో ఉండగా కిటికీలోంచి ఫోటో తీసి మరీ పంపాడు. సెప్టెంబరులో పెట్టింది రెండోది. మొదటిదాన్ని నీకు చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదండీ?"

"అందులో... నా చేతిలో సిగరెట్టుంది."

కూతురి తల మీద చేయి వేసి మానేశానన్నాడు రెండేళ్ల కిందట. ప్రతి ఉదయం ఆయన చొక్కా వాసన చూసి, నమ్మి, మడతపెట్టినది తాను.

"ఎన్ని తాగుతున్నారు?"

"రోజుకి నాలుగు. అయిదు. డిపో వెనకాల."

"రెండ్రోజులు! రెండ్రోజులు నేను పిచ్చిదానిలా ఊరంతా తిరుగుతుంటే నోరు మెదపకుండా కూర్చున్నారా? కన్ను పోయినా ఫరవాలేదు గానీ సిగరెట్టు బయటపడకూడదా?"

"నువ్వలా చూస్తావనే చెప్పలేదే," అన్నాడు డ్రైవరు. ఆమె కళ్లలోకి చూడలేక తల దించుకున్నాడు.

ఆమె లేచి చెప్పులు వేసుకున్నది. తిట్టడానికి కూడా వ్యవధి లేదు.

డిపో మేనేజరు గదిలో ఫైళ్లు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. మేనేజరు కళ్లజోడు పైనుంచి ఆమెను చూసి, ఫిర్యాదు కాగితాలు బయటి వారికి ఇవ్వకూడదన్నాడు.

"కాగితాలు వద్దు బాబూ. ఫోటో చాలు."

"అమ్మా, ఆ ఫోటోలే మీ ఆయన పరువు తీశాయి. వాటిని చింపెయ్యమని అడిగేవాళ్లని చూశాను గానీ, ఇమ్మని అడిగేవాళ్లని చూళ్లేదు."

"మా ఆయన మొహం ఉన్నదున్నట్టు తీసినవాడు ఈ ఊళ్లో వాడొక్కడే బాబూ. వాడికి దండం పెడతాను. మీకూ పెడతాను." నిజంగానే రెండు చేతులూ ఎత్తింది. డాక్టరమ్మ చెప్పినదంతా, తాను చేసినదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

మేనేజరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఒంటికన్నుతో నడిపాడా? నా బండిని?" అని గొణిగాడు. తరువాత మారుమాట లేకుండా కంప్యూటరు తెరిచి, రెండు ఫోటోలనూ ఆమె ఇచ్చిన పెన్ డ్రైవులోకి ఎక్కించాడు. ఒకటి మార్చి ఆరవ తేదీది, రెండోది సెప్టెంబరు ఇరవై రెండవ తేదీది. తేదీలు ఫోటోల మీదనే పడి ఉన్నాయి.

శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలకు స్టూడియోలో ఆమె ఆ రెంటినీ పక్కపక్కన తెరిచింది. మాష్టారు వెనుక నిలబడ్డారు. మార్చి ఫోటోలో డ్రైవరు కిటికీ మీద మోచేయి ఆనించి, వేళ్ల మధ్య సిగరెట్టుతో, ఎవరినో చూసి నవ్వుతున్నాడు. కంటి చివర విసనకర్ర గీతలున్నాయి, కింద కొంచెం వడలిన చర్మం ఉన్నది, సంచి లేదు. సెప్టెంబరు ఫోటోలో కుడికన్ను మూసి ఉన్నది. దాని కింద నిండుగా ఉబ్బిన సంచి. ఎడమకన్ను బెదిరినట్టు విప్పారి, నల్లగుడ్డు పైన తెలుపు కనిపిస్తున్నది.

డాక్టరమ్మకు స్పష్టంగా ఉండాలని బొమ్మను పెద్దది చేసింది. వెలుతురు కొంచెం పెంచింది. నీడ కొంచెం తగ్గించింది. ఉన్నట్టుండి మాష్టారు ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"అమ్మాయ్!"

అప్పుడు చూసుకున్నది. ఆమె చేయి తన దారిన తాను వెళ్లి, సెప్టెంబరు ఫోటోలో సంచిని సగం చెరిపేసింది. మిగిలిన సగం మీద చెరిపే బ్రష్షు గుండ్రని గుర్తు ఆడుతున్నది. ఇంకొక్క నొక్కు నొక్కితే, అలవాటు ప్రకారం, పచ్చిదాని మీదనే భద్రమైపోయేది.

"వద్దమ్మాయ్. ఉన్నదున్నట్టు," అన్నారు మాష్టారు. ముప్పై అయిదేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం ఆమెకు అదే మొదలు. చెరిపినదాన్ని వెనక్కి తీసుకుని, లేచి, దూరంగా పోయి రెండు చేతులూ చంకలలో పెట్టుకుని నిలబడ్డది. అచ్చు మాష్టారే తీశారు.

పదకొండు గంటలకు డాక్టరమ్మ ఆ రెండు అచ్చులనూ దీపం కింద పెట్టి చూసింది. రక్తపరీక్ష కాగితం, స్కాను ఫిల్ము వాటి పక్కన పెట్టింది. ఆమె మొహం విప్పారింది.

"మార్చిలో లేదు. సెప్టెంబరులో ఉంది. అంటే ఎంత లెక్కేసినా తొమ్మిది నెలల లోపలే. ఇంకా రగులుతోంది. షుగరుని కనిపెట్టుకుంటూ మందు మొదలుపెట్టొచ్చు. ఎవరమ్మా ఈ ఫోటోలు తీసింది? చాలా బాగా తీశారు."

"ఆయనంటే గిట్టనివాళ్లండీ," అన్నది భార్య. మూడు రోజులలో మొదటిసారిగా ఆమె ఊపిరి నిండుగా తీసుకున్నది.

డాక్టరమ్మ బల్ల మీద ఉన్న చుక్కల మందు సీసా ఎరుపు మూత తీసి డ్రైవరు ముందు పట్టుకున్నది.

"ఎడమకన్ను మూయండి. ఇదేం రంగు?"

"ఎరుపు," అన్నాడు డ్రైవరు తడుముకోకుండా.

"ఇప్పుడు కుడికన్ను మూయండి."

డ్రైవరు ఎడమకంటితో ఆ మూతను చూస్తూ ఉండిపోయాడు.

"ఇది ఎరుపమ్మా," అన్నాడు. "కుడికంటికి కనబడ్డది... తుప్పు రంగు."

డాక్టరమ్మ మూతను బల్ల మీద పెట్టేసింది. "ఎప్పటినుంచి?"

"బుధవారం. రోడ్డు మీద సిగ్నలు చూస్తే పాత ఇటుకలా ఉంది."

"ఎందుకు చెప్పలేదండీ!" భార్య ఆయన భుజం పట్టుకుని కుదిపింది.

"నువ్వు ఫోటోల కోసం ఏడుస్తున్నావు కదే. ఇంకోటి కూడా ఎందుకని." ఒక్క క్షణం ఆగి, నిజం చెప్పాడు. "ఎరుపు కనబడనివాడికి బండెవడిస్తాడే?"

ఆమె ఆయన ముందుకు వచ్చి వంగి, ఆ కుడికంటిలోకి చూసింది. మూడు రోజులుగా ఆ కంటి కోసం ఊరూవాడా గాలించింది. ఒక్కసారి కూడా ఆ కంటివైపు తిరిగి, నీకెలా ఉన్నదని అడగలేదు. తెల్లగుడ్డు ఎర్రగా ఉన్నది. కింద సంచి బిగిసి మెరుస్తున్నది. చూస్తూ చూస్తూ ఆమె చూపుడువేలు తనంతట తానే ఆ సంచి మీదికి వెళ్లి, మెల్లగా పక్కకు తుడిచింది. సంచి అక్కడే ఉన్నది.

"పడక సిద్ధం చెయ్యండి," అంటున్నది డాక్టరమ్మ ఫోనులో. "ఇవాళే. ఇప్పుడే."

తరువాత జరిగినవి ఇవి.

మందు మూడు రోజులు నరంలోకి ఎక్కించారు. రెండో రోజున షుగరు హద్దు దాటగా ఇన్సులిను మొదలుపెట్టారు. కుడికన్ను తగినంతగా కోలుకోనందున నవంబరు ఇరవై నాలుగవ తేదీన, కంటిగూటి ఎముకలో కొంత తొలగించి లోపలి ఒత్తిడి తగ్గించే ఆపరేషను చేశారు. ఎడమకన్ను పూర్తిగా దక్కింది. కుడికన్ను చేతివేళ్లు లెక్కపెట్టగలిగినంత వరకు మిగిలింది. దానికి ఎరుపు తిరిగి రాలేదు. బుధవారమే వచ్చి ఉంటే ఏమయ్యేదని భార్య ఒకసారి అడిగింది. డాక్టరమ్మ, చెప్పలేనన్నది.

డ్రైవరు మళ్లీ బండి ఎక్కలేదు. డిపో స్టోర్సులో రెండున్నరేళ్లు పనిచేసి, రెండువేల పదిహేడులో పదవీ విరమణ చేశాడు. సిగరెట్టు ఆసుపత్రిలో మానేశాడు. ఈసారి ఎవరి మీదా ఒట్టు పెట్టలేదు. కంటి కింద సంచి కొంత తగ్గింది, కొంత ఉండిపోయింది. దాన్ని తీయించుకుంటారా అని డాక్టరమ్మ తరువాత అడిగితే, "లగేజీ చిన్నదేగా, ఉండనివ్వండమ్మా," అన్నాడు.

స్టూడియోలో ప్రతి పచ్చి ఫోటోకూ తేదీ వేసి ఒక నకలు తాళం వేసిన బీరువాలో ఉంచాలని మాష్టారు రెండువేల పదిహేను జనవరిలో నియమం మార్చారు. కొందరు ఖాతాదారులు వేరే స్టూడియోకు వెళ్లిపోయారు. మాష్టారు రెండువేల పద్ధెనిమిదిలో కాలం చేశారు. మరుసటి ఏడు స్టూడియో మూతపడింది.

ఇస్త్రీ పిన్ని ఇప్పుడు ఇంట్లోనే అడపాదడపా రీటచింగు చేస్తున్నది. పెళ్లిరోజు ఫోటోలు మాత్రం ఆనాటి నుంచి దిద్దలేదు. ఒక్కటి కూడా గోడకు ఎక్కలేదు. తేదీలు వేసి, అలమరలో పెట్టి ఉన్నాయి.